పాస్ట్ హిస్టరీ: నిల్

పోయిన భాగంలో ఆపేసిన హాస్టల్ సంగతులు వచ్చే వారం రాస్తాను. ఈసారి మా అమ్మ ఫైలు గురించి రాయాలి. మీలో చాలామంది ఇళ్లల్లో ట్రంకు పెట్టె అడుగున అలాంటి ఫైలొకటి ఉండే ఉంటుంది.

ముట్టు ఆగి మూడేళ్లయిన అమ్మకు రెండు నెలల కింద మళ్లీ రక్తం కనపడింది. వారం రోజులు నాకు చెప్పలేదు. చెప్పిన రోజే టౌన్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. నేను బిల్లు కట్టి వచ్చేసరికి అమ్మను లోపలికి పిలవడం, చూడడం, పది రోజులకు గోలీలు రాయడం అన్నీ అయిపోయాయి. చీటీ మీద ఒక గడిలో ఉంది: పాస్ట్ హిస్టరీ, నిల్.

2018లో అమ్మకు ఎడమ రొమ్ము తీసేశారు. కీమో ఎక్కింది, కరెంటు పెట్టించుకుంది. నిల్ ఎట్లయింది?

"తగ్గిపోయింది గద బిడ్డా. తగ్గిన రోగం ముచ్చట ఎందుకు?" అంది.

బస్సెక్కాక అసలు సంగతి చెప్పింది. డాక్టరు గది తలుపు తెరిచే ఉందట. బయట బెంచీ మీద మా ఊరి పెద్ద రైతు భార్య కూర్చుని ఉందట. జుట్టు ఊడిన ఏడాది అమ్మను కూలికి పిలవడం మానేసిన ఇల్లు అది. మా వాడోళ్లకు అక్కడ గ్లాసు ఎప్పుడూ వేరే. రోగం వచ్చాక ఆ గ్లాసు కూడా తీసేశారు. ఆమె వినేటట్టు మళ్లీ ఆ పేరు చెప్పాలా?

మన చరిత్రను ఎవరూ రాయలేదని వందల పేజీల సిద్ధాంత గ్రంథం రాసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని నేను. అమ్మ గురించి ఒక్క పేజీ రాసి ఆమె సంచిలో పెట్టలేదు.

ఆ 'నిల్' ఎందుకు ప్రమాదమో చెప్తాను. అమ్మ రోజూ రాత్రి టామాక్సిఫెన్ వేసుకుంటుంది. పదేళ్లు వాడమన్నారు. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా కాపాడే మాత్రే అది. కానీ ముట్టు ఆగిన ఆడవాళ్లలో గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ వచ్చే అవకాశాన్ని కొంత పెంచుతుంది. అందుకే ఒక్క చుక్క రక్తం కనపడినా పరీక్ష చేయించాలి. ఏం మందులు వాడుతున్నావని అడిగితే అమ్మ బీపీ గోలీ ఒక్కటే చెప్పింది.

మర్నాడు క్యాన్సర్ డాక్టరు దగ్గరికి పోయాం. స్కాన్ తీసి, ముక్క పరీక్షకు పంపారు. పన్నెండు రోజుల తర్వాత పాలిప్ అని తేలింది, క్యాన్సర్ కాదు. ఆ పన్నెండు రోజులు క్లాసులో నేనేం పాఠం చెప్పానో నా విద్యార్థులనే అడగాలి.

ఆ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు మాత్రం మర్చిపోలేను. చంకలో ఎన్ని గడ్డలు తీశారు? ఈఆర్, పీఆర్, హెర్2 ఏమొచ్చాయి? ఏ కీమో, ఎన్ని సార్లు? నాకు తెలిసింది రెండే ముక్కలు: 2018, ఎడమ వైపు. అమ్మకు ఎక్కించింది 'ఎర్ర మందు', అంటే డాక్సోరుబిసిన్. అది గుండెను దెబ్బతీయగలదు కాబట్టి జీవితం మొత్తంలో ఇంత దాటి ఇవ్వకూడదని లెక్క ఉంటుంది. రేపు మళ్లీ అవసరం పడితే ముందు ఎంత ఎక్కిందో తెలియాలి. ఆ లెక్క మా ట్రంకు పెట్టెలో వాన నీళ్లకు అలికిపోయి ఉంది. ఈసీజీ తీసిన నున్నటి కాగితం తెల్లగా అయిపోయింది.

2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం అడ్మిట్ అయిన రోగి రికార్డులను డాక్టర్లు 3 ఏళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మాత్రేమో పదేళ్లు! ఆపరేషన్ చేసిన చోట రికార్డు గదిలో ఒక ముసలి గుమస్తా దుమ్ము దులిపి బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ వెతికిచ్చాడు. ఆయన తప్పనిసరిగా చేయాల్సిన పనేం కాదు. కీమో చార్టు దొరకలేదు. మిగిలిన రొమ్ముకు ఏటా తీయించాల్సిన మామోగ్రాం రెండేళ్లు తప్పింది. అది పూర్తిగా నా తప్పు.

మెడిసిన్, నర్సింగ్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, "పాత జబ్బులున్నాయా" అని అడిగితే మా అమ్మలు లేవనే అంటారు. తలుపు వేసి అడగండి. ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా, కరెంటు పెట్టారా, రోజూ వేసుకునే గోలీ ఏది, అట్ల అడగండి. ఆసుపత్రి కంప్యూటర్లలో దీనికి కోడ్ కూడా ఉంది, జెడ్ 85.3. ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ ఉండేది అని దానర్థం.

మొన్న ఆదివారం అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఒక్క పేజీ రాశాను. తేదీలు, మందుల పేర్లు, రిపోర్టులు, తర్వాత ఏ నెలలో చూపించుకోవాలో అన్నీ. చదివి వినిపించాను.

"అంతేనా?" అంది.

"ఇంకేం రాయాలమ్మా?"

"ఆ యేడు పత్తి ఏరనీకి నన్ను పిలవలేదని రాయి."

రాశాను.