ఆటగాళ్ళ పాట

పాట అంటే మన పెద్దలకు రెండర్థాలు. ఒకటి కచేరీలో వినేది. రెండవది దేవుడి మాన్యానికో, మామిడితోటకో ఊరివాళ్ళు పోటీపడి పాడేది. మనుషులకు పాట పెట్టడం మాత్రం ఈ వయసులో మేము చూస్తున్న వింత. ఐ.పి.ఎల్. వేలం రోజున మన చెన్నై ఇళ్ళల్లో కుర్రవాళ్ళు టి.వి. ముందునుంచి అన్నానికైనా లేవరు. వాళ్ళ పక్కన కూచుని మేమూ దాని మర్మం కొంత తెలుసుకున్నాము.

ఈ ఊళ్ళో క్రికెట్టుకు నారుపోసి నీరుపోసినవారు మన బుచ్చిబాబు నాయుడుగారే. 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బు పెట్టి, సొంత డబ్బుతో పిల్లలకు బ్యాట్లూ బట్టలూ కొనిచ్చారు. ఆయన 1908లో పోయారు. నూరేళ్ళకు, 2008లో, ఆటగాళ్ళ తొలి వేలం జరిగింది. ధోనీని చెన్నై జట్టు 15 లక్షల డాలర్లకు పాడుకున్నది.

డబ్బు రావడం తప్పని మేము అనము. ఒళ్ళు వంచి ఆడేవాడికి కూలి దక్కవద్దా? అయితే అందరూ ధర వింటారే గాని, ఒప్పందం సంగతి అడగరు. వేలంలో పలికినది ఒక్క ఏటి జీతం. మరుసటి ఏడు ఉంచుకోవడమా, వదలడమా అన్నది జట్టు ఇష్టం. 2024 నవంబరు వేలంలో న్యూజీలాండు ఆటగాడు రచిన్ రవీంద్రకు పంజాబు 3 కోట్ల 20 లక్షలు పాడింది. పాత ఆటగాణ్ణి అదే ధరకు తిరిగి తీసుకునే హక్కున్నదని చెన్నై అడ్డు వచ్చింది. పంజాబు 4 కోట్లకు పెంచితే అదీ ఇచ్చింది. అంత పట్టుబట్టి తెచ్చుకున్న మనిషిని ఏడాదికే వదిలేసింది! మన గుంటూరు కుర్రవాడు షేక్ రషీదుకు అదే వేలంలో 30 లక్షలు పలికింది. 2025 ఏప్రిల్‌లో తొలి ఆట, నవంబరులో ఉద్వాసన.

అమెరికా ఫుట్‌బాలులో వదలడానికీ ఒక వరస ఉన్నది. నాలుగు సీజన్లు నిండనివాణ్ణి జట్టు తీసేస్తే, తక్కిన జట్లు సాధారణంగా ఒక్క రోజులో అతణ్ణి కోరుకోవాలి. పట్టికలో అట్టడుగునున్న జట్టుకే తొలి హక్కు. తీసుకున్నవాళ్ళు పాత ఒప్పందాన్ని ఉన్నదున్నట్టు నెత్తికెత్తుకోవాలి. ఎవరూ కోరకపోతే అతడు తనకు నచ్చినచోట బేరమాడుకోవచ్చు. అక్కడా పూచీపడిన సొమ్ముకే భరోసా. తక్కిన అంకెలు కాగితానికి అలంకారం. మన దగ్గర వదిలినవాడు మళ్ళీ పాటకే రావాలి. ఎవరూ చెయ్యెత్తకపోతే 'అమ్ముడుపోలేదు' అని దేశమంతా వింటుంది. కన్నవాళ్ళూ వింటారు.

రవీంద్ర జడేజా కథ వినండి. రాజస్థాన్‌తో ఒప్పందం పొడిగించుకోక ఇతర జట్లతో బేరమాడాడని 2010లో ఆయనను ఏడాదిపాటు ఆటకు దూరం పెట్టారు. 2025 నవంబరులో చెన్నై ఆయననూ సామ్ కరన్‌నూ అదే రాజస్థాన్‌కు ఇచ్చి సంజూ సామ్సన్‌ను పుచ్చుకున్నది. జీతం 18 కోట్లనుంచి 14కు దిగింది. ఆటగాడి సమ్మతి కావాలన్నది నియమమే. కాని జట్లు బేరమాడితే వ్యాపారం, తాను ఆడితే నేరమూనా?

పూర్వం ఆటగాళ్ళకు బ్యాంకుల్లో, రైల్వేలో ఉద్యోగాలు దొరికేవి. జీతం చిన్నదే, ఆట చాలించినా పొయ్యిమీద కుండ దిగేది కాదు. అందుకని పిల్లవాణ్ణి ఆటకు పంపే తల్లిదండ్రులకు మా మనవి ఇంతే. పంపండి, ఆడనివ్వండి. చదువు మాత్రం మాన్పించకండి. ఎంత ఇస్తారని అడిగే నోటితోనే, వదిలేస్తే ఏమిస్తారని కూడా అడగండి.