జీరో టికెట్టు

2022 జులైలో ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఒక జీబ్రా క్రాసింగ్ వార్తలకెక్కింది. సుదిర్మన్ రోడ్డు పక్కన, ఆఫీసు మేడల మధ్య, నగరం అంచుల నుంచి లోకల్ రైళ్ళలో వచ్చిన టీనేజీ పిల్లలు చవక బట్టలేసుకుని ఆ తెల్లచారల మీద మోడళ్ళలా నడిచారు. చితాయమ్, బోజోంగ్ గెడే, డెపోక్ వాళ్ళ ఊళ్ళు. దానికి చితాయమ్ ఫ్యాషన్ వీక్ అని పేరొచ్చింది. ఒక నటుడి కంపెనీ ఆ పేరుని ట్రేడ్‌మార్క్ చేసుకోబోయి, జనం తిడితే వెనక్కి తగ్గింది. ట్రాఫిక్‌కి అడ్డమని అధికారులు ఆ నడకని ఆపించారు కూడా.

ఆ వీడియోలు చూస్తుంటే నాకు మా పటాన్‌చెరు ఆడపిల్లలు గుర్తొచ్చారు. ఇక్కడ డిగ్రీ పిల్లలకి చాలాకాలంగా పాఠాలు చెప్తున్నాను. సెమినార్లలో మా ఊరి పేరు చెప్పగానే అందరూ నక్కవాగు గురించీ, శుద్ధి చేసి వదిలిన నీళ్ళలో కూడా యాంటీబయాటిక్స్ మోతాదు విపరీతంగా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించిన సంగతి గురించీ అడుగుతారు. అడగాల్సిందే. కానీ ఇక్కడి పంతొమ్మిదేళ్ళ పిల్ల ఆదివారం ఏం చేస్తుందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

ఏం చేస్తుంది? అంట్లు తోముతుంది. అమ్మ షిఫ్టుకి వెళ్తే తమ్ముణ్ణి చూసుకుంటుంది. అన్న పాత ఫోనులో రీల్స్ చూస్తుంది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు మా క్లాసులో కొందరు ఇంట్లో మనిషి పోయినంత బాధపడ్డారు.

2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు. పనీపాటా లేక తిరుగుతున్నారని టీకొట్ల దగ్గరా, వాట్సాప్‌లోనూ ఎన్ని జోకులో! పనిలేకుండా తిరిగే హక్కు గురించి ముంబై రచయిత్రులు శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లోనే ‘వై లాయిటర్’ అని ఒక పుస్తకమే రాశారు. మా పిల్లలు అది చదవలేదు. కోఠి బస్సెక్కి లక్డీకాపూల్‌లో దిగి ట్యాంక్‌బండ్‌కి పోయారు, అంతే. అయిదుగురికి ఒకే డెనిమ్ జాకెట్. ఒకరు వేసుకుంటే ఇంకొకరు వీడియో తీయాలి, తర్వాత విప్పి ఇవ్వాలి. ఇల్లు చేరేలోపు అది ఎవరి బ్యాగులోకో పోతుంది, చున్నీ మెడలోకొస్తుంది.

అందులో ఒకమ్మాయి రీల్‌ని వాళ్ళ పెదనాన్న కొడుకు చూశాడు. ఫోను పగిలింది. కాలేజీ బందైంది. సంబంధాలు చూడ్డం మొదలుపెట్టారు. అబ్బాయిల రీల్స్ కూడా నేను చూశాను. బైకు ముందుచక్రం లేపి అవుటర్ సర్వీసు రోడ్డు మీద పోతుంటారు. వాళ్ళకెవరూ పిల్లని వెతకలేదు.

వాళ్ళమ్మతో మాట్లాడదామని వెళ్ళాను. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు జరిగి పదుల మంది చనిపోయినప్పట్నుంచీ, డ్యూటీ దిగగానే బిడ్డకి ఫోన్ చేసేది. ఇప్పుడు చేద్దామంటే ఇంట్లో ఫోను లేదు.

“ఏం తప్పు చేసిందమ్మా?” అన్నాను.

“తప్పని నేనన్నానా మేడమ్? మంది అంటరు. రేపు ఏమన్నయితే నన్నే అంటరు, వాళ్ళ నాయినను అనరు.”

కాసేపు ఊరుకుంది. పటాన్‌చెరుకి వచ్చి ఇరవయ్యేళ్ళయిందట. ట్యాంక్‌బండ్ మొదటిసారి చూసింది బిడ్డ రీల్‌లోనే. “మస్తుగున్నదిలె” అంది, గొంతు తగ్గించి. లోపల మగవాళ్ళున్నారు మరి.

పితృస్వామ్యం గురించి నేను క్లాసులో చెప్పే పాఠంలో తల్లి దాని కాపలాదారుగా వస్తుంది. ఈమె కాపలా కాస్తూనే ఆ రీల్‌ని తోటి పనివాళ్ళకి చూపించిందట, బిడ్డ పేరు చెప్పకుండా.

ఆ అమ్మాయి సెమిస్టర్ పరీక్షలు రాసింది. అన్న బండి మీద దింపి, గేటు దగ్గరే కూర్చునేవాడు. చివరి పరీక్షరోజు హాల్లో నాకు ఇన్విజిలేషన్. అడిషనల్ షీటు ఇస్తుంటే, “మేడమ్, జాకెట్ ఎవల దగ్గరున్నది?” అనడిగింది. నాకు తెలీదన్నాను. వెనక బెంచీలోంచి ఎవరో దగ్గారు.