సరిపడా ఉంటే అదే సోకు

డిసెంబరులో స్టాక్‌హోంలో పగలు ఆరు గంటలే. ఆ కాస్త వెలుగూ ఇల్లంతా పరచుకోవాలని స్వీడన్‌వాళ్లు గోడలకి తెల్లరంగు వేసి, సామాను తక్కువ పెట్టుకుంటారు. వాళ్ల భాషలో 'లాగోమ్‌' అని ఓ మాటుంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు... సరిపడా అని! 2018లో హైదరాబాద్‌లో ఐకియా తెరిచాక ఆ తరహా అలంకరణ మనకీ దగ్గరైంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో కొత్తిల్లు కట్టుకునేవాళ్లకీ ఆ ముచ్చట ఉండొచ్చు. తప్పేం లేదు. కాకపోతే ఇక్కడ కరవు వెలుగుకి కాదు, నీడకి. పైగా ఎర్రమట్టి దుమ్ముకి తెల్ల సోఫా ఎన్నాళ్లు తెల్లగా ఉంటుంది? అరువు తెచ్చుకోవాల్సింది సోఫాని కాదు, 'సరిపడా' అన్న మాటని.

నిజానికి అదీ మనకి కొత్తేం కాదు. పుంగనూరు ఆవుని చూడండి. మూడడుగులకి అటూ ఇటూగా ఉంటుంది, కాస్త మేతతోనే చిక్కటి పాలిస్తుంది. పాత మిద్దెలూ అంతే. సున్నపు గోడ, అందులోనే గూడు, చల్లటి రాతిబండల నేల, పొద్దున్నే గోడకి నిలబెట్టేసే నులకమంచం. మిగిలిన చోటంతా మనుషులదే!

ఆ మంచాన్ని పాతసామాన్లవాడికిచ్చి, వాయిదాల మీద సోఫాసెట్టు కొనేముందు ఒక్కటి చూసుకోవాలి... అది వచ్చాక అవ్వ కాళ్లు చాపుకుని కూర్చోవడానికి చోటు మిగులుతుందా?