మన్ను పరీక్ష

మా పొలము సూళ్లూరుపేటకు తూర్పున, పులికాటు సరస్సునకు దాపుననున్నది. వేసవిలో గట్టులపై తెల్లని పొర కట్టును. పైరు కొనలు మాడినప్పుడెల్ల మా నాయనగారు మఱికొంత యూరియా చల్లించెడివారు. అప్పు పెరిగెను గాని గింజ పెరుగలేదు.

భూసార పత్రముల పథకము 2015 ఫిబ్రవరి 19వ తేదీననే దేశమున ప్రారంభమైనను, మాకు దాని యెఱుక 2020లో ఊరూర రైతు భరోసా కేంద్రములు వెలసిన పిదపనే కలిగినది. వ్యవసాయ సహాయకుడు మన్ను తెమ్మనగా, మేము సోమరితనమున ఎరువుదిబ్బ ప్రక్కనే దోసెడు త్రవ్వుకొని పోతిమి. ఆయన నవ్వి, "ఇది మీ దిబ్బకు పరీక్ష గాని పొలమునకు గాదు" అనెను. మఱునాడు గట్టులను, చెట్లనీడలను విడిచి, పదిచోట్ల ఆఱంగుళముల లోతున మన్ను తీసి కలిపితిమి. దానిని నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లను పాఱవేయుచు, అరకిలో మిగిల్చి నీడను ఆఱబెట్టితిమి.

వచ్చిన పత్రములో పండ్రెండు అంశములకు లెక్కలుండెను. మాకు కావలసినది ఒక్కటియే: నేలలో ఉప్పు హెచ్చు. నాయనగారు దానిని రెండుసారులు చదివించుకొని యేమియు పలుకలేదు. ఆ యేడు యూరియా సొమ్ముతో మురుగుకాలువ త్రవ్వించిరి. వానలకు మడులలో మంచినీరు నిలిపి తీసివేసితిమి. జీలుగ చల్లి పూతవేళకు కలియదున్నితిమి. కొనలు మాడుట తగ్గినది. సరస్సు ప్రక్క మడి మాత్రము ఇంకను తెల్లగనే యున్నది.