గోదావరి గట్టునుండి జెనీవా సరస్సునకు

ఏలూరు పట్టణమున రెండు మహానదుల నీరు కలియునన్న సంగతి డెల్టాకు దూరముగ నివసించు సోదరీమణులలో ననేకు లెఱుగకపోవచ్చును. తూర్పునుండి వచ్చు గోదావరి కాలువయు, పడమట బెజవాడనుండి వచ్చు కృష్ణ కాలువయు నిచ్చట నొకదాని నొకటి కలిసికొనును. పూర్వము బియ్యపు బస్తాలును, పెండ్లికి తరలిపోవు బంధువర్గమును గూడ పడవలమీదనే యీ కాలువలవెంట సాగిపోయెడివారు. ఆ పడవల కాలము గడచిపోయినది. మేము గట్టున నిలచి చూచునప్పటికి గుఱ్ఱపుడెక్క నీటిని చాలవఱకు గప్పియుండెను.

ఏలూరనగానే తివాచీలు జ్ఞప్తికి వచ్చును. మాతో వచ్చినవారు ముందుగా తివాచీల నేతను జూడవలెనని పట్టుబట్టిరి. చూచితిమి, ధరలు విని మౌనముగ మరలితిమి. మేము వచ్చిన పని వేఱు. ఈ యూర వకీలు వృత్తి సాగించిన యొక పెద్దమనుష్యుడు 1928లో జెనీవా నగరమునకు బోయి, నానాజాతి సమితిలో భారతదేశ ప్రతినిధిగా గూర్చుండెను. ఆయన తిరిగిన వీథులను జూడవలెనని మాకు చాలకాలమునుండి కోరిక.

ఆయన పేరు సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు. జన్మస్థానము రాజమహేంద్రవరము, సంవత్సరము 1875. ఏలూరులో న్యాయవాదియై, స్థానిక సంస్థలలో పేరు గాంచి, పిదప జస్టిసు పక్షమున జేరిరి. 1919లో బ్రాహ్మణేతరుల పక్షమున లండనులో పార్లమెంటు సంఘము నెదుట వాదించివచ్చిరి. 1920 మొదలు 1923 వఱకు మదరాసులో మంత్రిగా నుండిరి. తరువాత 1936లో కొన్ని మాసములు మదరాసునకు తాత్కాలిక గవర్నరుగాను, 1937 ఏప్రిల్ మొదలు జులై వఱకు ముఖ్యమంత్రిగాను గూడ నుండిరి. 1942లో పరమపదించిరి. పదవుల పట్టిక యింతటితో చాలును.

జెనీవా గూడ నీటియొడ్డున నున్న నగరమే. లేమాన్ సరస్సు తీరి, రోను నది వెలువడు చోట నది వెలసినది. ఆ కాలమున సమితికి సొంత సభాభవనము లేదు; సంస్కరణ మందిరమను నొక పాత కట్టడములో దేశదేశముల ప్రతినిధులు కూడుచుండిరి. మన దేశమునకు స్వరాజ్యము లేకున్నను సమితిలో సభ్యత్వము మాత్రము మొదటినుండియు నుండెను. 1919లో వెర్సేల్సు సంధిపత్రముపై భారతదేశము పేరిట సంతకములు పడుటచే వచ్చిన హక్కు అది. ఐనను ప్రతినిధులను ఏర్చి పంపునది బ్రిటిషు ప్రభుత్వమే. 1920లో తొలి సభకు బోయిన మన బృందమునకు నాయకుడు సర్ విలియం మేయరు. వెంకటరెడ్డి నాయుడుగారు పోయిన యేట లార్డు లిట్టను. మఱుసటి సంవత్సరము, అనగా 1929లో, సర్ మహమ్మదు హబీబుల్లా నాయకత్వము వహించువఱకు భారతీయుడొకడు ఆ బృందమునకు ముందు నడచుట జరుగలేదు.

అట్టి ప్రతినిధి యెవరి నోరు? దొరల నోరని కాంగ్రెసువారు నిమిషములో చెప్పెడివారు. మనవాడొకడు అచ్చట నుండుటయే మేలు గదా యని జస్టిసు పక్షమువారు బదులు చెప్పెడివారు. మాకు ఈ రెండు మాటలును తృప్తి నీయవు. ఆయన తరువాత చేసిన యుద్యోగమును జూచినచో విషయము కొంత తేటపడును.

ఆ మాట చెప్పుకొనుచునే రైలెక్కి, తాడేపల్లిగూడెము, నిడదవోలు దాటి, కొవ్వూరు చేరి, గోదావరిమీదికి వచ్చితిమి. 1997లో బండ్లు నిలిచిపోయిన హేవలాకు వంతెన ప్రక్కననే యున్నది. వింటి బద్దలవంటి కమానులతో క్రొత్త వంతెన దానికి తోడుగ నిలచినది. పెట్టెలోని స్త్రీలు చిల్లర నాణెములు నీటిలో వేసి నమస్కరించిరి. మేమును వేసితిమి.

1929లో వెంకటరెడ్డి నాయుడుగారు దక్షిణాఫ్రికాకు భారత ప్రభుత్వపు ఏజెంటుగా బోయిరి. వారికి ముందు ఆ స్థానమున నున్నవారు శ్రీనివాస శాస్త్రిగారు. 1860 మొదలు 1911 వఱకు సుమారు 1,52,000 మంది మన దేశీయులు ఒప్పందపు కూలీలుగా నేటాలు చెఱకుతోటలకు ఓడలమీద బోయిరి. మదరాసు రేవున ఓడ యెక్కినవారిలో మన తెలుగు కుటుంబములు చాల గలవు. వారి బిడ్డలకు భూమి కొనుటలోను, అంగడి పెట్టుకొనుటలోను తెల్లవారి ప్రభుత్వము అడ్డంకులు కల్పించుచుండెను. ఏజెంటునకు ఆజ్ఞాపించు నధికారము లేదు. మంత్రులయొద్దకు బోవుట, మహజరు లిచ్చుట, మర్యాదగ నచ్చజెప్పుట, ఇంతియే. ఆయన యచ్చట నుండగనే 1930లో ట్రాన్సువాలులో భారతీయుల భూవసతిని నిర్బంధించు బిల్లు వచ్చెను. 1931లో అచ్చటి తెలుగువారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి.

1932 ఆరంభమున కేపుటౌనులో ఉభయ ప్రభుత్వముల ప్రతినిధులు సమావేశమైరి. మన పక్షమున వెంకటరెడ్డి నాయుడుగారితోపాటు సరోజినీ నాయుడుగారును గూర్చుండిరి. ఇచ్చట రాజమహేంద్రవరపు వారమై మఱియొక ముచ్చట చెప్పకుండ నుండలేము. హైదరాబాదులో పుట్టిన సరోజినికిని, తెలుగువారగు గోవిందరాజులు నాయుడుగారికిని 1898లో మదరాసున వర్ణాంతర వివాహము జరిపించినది మన కందుకూరి వీరేశలింగము పంతులుగారే. గోదావరి నీరు త్రాగిన యొక వకీలును, గోదావరి యొడ్డు సంస్కర్త చేతిమీదుగ పెండ్లి జరిగిన యొక కవయిత్రియు, ఆఫ్రికా ఖండపు కొనయందు ఒకే బల్లకు ఇటువైపున గూర్చుండిరన్నమాట! పంతులుగారు కట్టించిన పురమందిరము మెట్లమీద గూర్చుండి యీ సంగతి చెప్పుకొన్నప్పుడు మాలో నొకరికి కన్నులు చెమర్చినవి.

ఫలమేమి? ఆ బిల్లు ఆ యేడే చట్టమైనది. మెత్తని మాటలకు లోబడినవారు కారు వారు. వెంకటరెడ్డి నాయుడుగారి శక్తిలోపమని మే మనము. వెనుక స్వతంత్రదేశము లేని రాయబారి మాటకు బరువు రాదు.

1946లో దక్షిణాఫ్రికావారు మఱింత కఠినమగు భూచట్టము చేసిరి. అప్పుడు భారతదేశము నచ్చజెప్పుట మాని, క్రొత్తగా వెలసిన ఐక్యరాజ్య సమితిలో ఫిర్యాదు చేసెను. నాయకత్వము వహించినది విజయలక్ష్మీ పండిట్ గారు. 1946 డిసెంబరు 8వ తేదీన 32 దేశములు మన తీర్మానమునకు అనుకూలముగను, 15 ప్రతికూలముగను ఓటు చేసినవి. 7 తటస్థముగ నుండినవి. అప్పటికి మనకు స్వాతంత్ర్యము ఇంకను రాలేదు. ఐనను ఢిల్లీలో జవహర్లాలుగారి తాత్కాలిక ప్రభుత్వ మేర్పడియుండెను. కేపుటౌనులో చెల్లని మాట న్యూయార్కులో చెల్లినది. 1953లో విజయలక్ష్మిగారే సర్వసభకు అధ్యక్షురాలైరి. ఆ పీఠమెక్కిన తొలి స్త్రీ యామె. మానవ హక్కుల ప్రకటన తయారగునప్పుడు మన ప్రతినిధి హంసా మెహతాగారు, అందఱు పురుషులు స్వతంత్రులుగ జన్మింతురను నర్థము వచ్చు ఇంగ్లీషు వాక్యమును, మానవులందఱు అని మార్పించిరి. మన తెలుగులో మనుష్యులన్న మాటలో ఆడువారును చేరుదురు గనుక ఆ చిక్కు మనకు తెలియదు.

కాని సమితిలో మన దేశమునకు శాశ్వత ప్రతినిధియగు రాయబారి పదవి సంగతి వేఱు. ఆ కుర్చీలో 1950 జూనులో, కొరియా యుద్ధము పుట్టిన దినములలో, భద్రతా మండలికి అధ్యక్షత వహించిన బెనెగళ్ నరసింగరావుగారు కూర్చుండిరి. 2016 మొదలు 2020 వఱకు హైదరాబాదువారగు సయ్యద్ అక్బరుద్దీన్ గారు కూర్చుండిరి. స్త్రీ మాత్రము 2022 వఱకు కూర్చుండలేదు. ఆ యేట రుచిరా కాంబోజ్ గారు నియమితులైరి. విజయలక్ష్మిగారు మన బృందమును నడపిన 1946నుండి లెక్కించినచో డెబ్బదియాఱు సంవత్సరములు! ఒక్క స్త్రీని సింహాసనమెక్కించి పూజించుట సులభము. ఆమె తరువాత వచ్చువారికి దినదినపు కొలువు నిచ్చుటకు ఇంతకాలము పట్టినది.

2024లో ఆమె తరువాత ఆ స్థానమునకు వచ్చినవారు పర్వతనేని హరీశ్ గారు. తిరుగు ప్రయాణమున రైలులో మే మీ పేరు చెప్పుకొనుచుండగా, ఎదుటి బల్లమీద పూతరేకుల పొట్లము ఒడిలో పెట్టుకొని గూర్చున్న యొక ముదుసలి తలయెత్తి మమ్ము జూచెను. జెనీవా యన్నప్పుడును, కేపుటౌనన్నప్పుడును ఆమె పలుకలేదు. ఇప్పుడు మాత్రము, "పర్వతనేనివారా? ఏ యూరివారమ్మా?" అని అడిగెను.