సెకనులో అరవయ్యో వంతు

బాగేపల్లిలో పుట్టి, చిక్కబళ్ళాపురంలో బి.కాం. చదివి, ముప్పైయేళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. వడ్డీని రోజుల లెక్కన కట్టడం తెలుసు గాని, సెకనును అరవై ముక్కలు చేసి లెక్క చూసుకునేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారని మొన్నటిదాకా తెలియదు.

మావాడు సి.ఎ. పరీక్ష రెండోసారి తప్పాడు. పగలంతా గదిలో కూర్చుని టెక్కెన్ అనే గుద్దులాట ఆడుతుండేవాడు. ఒకరోజు చింతామణి బ్రాంచి నుంచి అలసిపోయి వచ్చి, "ఇందుకేనా నిన్ను కన్నది?" అనేశాను. వాడు బదులు చెప్పలేదు. ఆ తర్వాత రెండు నెలలు మా మధ్య మాటల్లేవు. ఏం కావాలన్నా మా ఆవిడ ద్వారానే.

ఒక ఆదివారం నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నాకూ నేర్పరా" అన్నాను. దొరికిన బటనల్లా నొక్కి వరుసగా పది ఆటలు ఓడాను. వాడు నవ్వాడు.

"నాయనా, కొట్టడం ఒక్కటే చూస్తున్నావు. కొట్టిన చెయ్యి వెనక్కి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడ్డం లేదు" అన్నాడు.

తెరమీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము. ప్రతి దెబ్బకూ మూడు భాగాలు: చెయ్యి లేవడం, తగలడం, వెనక్కి రావడం. టెక్కెన్‌లో అతి వేగమైన గుద్దు 10వ ఫ్రేములో తగులుతుంది, అంటే సెకనులో ఆరోవంతు. మనిషి కంటితో చూసి చెయ్యి కదపడానికి దాదాపు పావు సెకను పడుతుంది. కనుక ఆ గుద్దును చూసి ఆపలేము, ముందే ఊహించాలి. పెద్ద దెబ్బ సంగతి వేరు. దాన్ని ఎదుటివాడు కాచుకుంటే, కొట్టినవాడు, ఉదాహరణకు, 12 ఫ్రేములు వెనకబడతాడు. అప్పుడు 10 ఫ్రేముల గుద్దు వాడికి తప్పకుండా తగులుతుంది. 15 ఫ్రేములదైతే తగలకముందే వాడు కాచుకుంటాడు. ఇదీ జమాఖర్చే!

వాడి నోట్‌బుక్ చూశాను. ఒక్కో దెబ్బకు ఎన్ని ఫ్రేములో గీతలు కొట్టి వరసగా రాసుకున్నాడు. మా లెడ్జర్లకన్నా శుభ్రంగా ఉంది. నేను సోమరితనం అనుకున్నది ఇదా అనిపించింది.

2004లో కాలిఫోర్నియాలో జరిగిన పోటీ వీడియో కూడా చూపించాడు. స్ట్రీట్ ఫైటర్ ఆటలో జపాన్ కుర్రాడు ఉమెహారా డైగో ప్రాణం కొసన ఉండి, జస్టిన్ వాంగ్ వేసిన 15 దెబ్బలను ఒక్కొక్కటిగా కాచుకుని, తిరిగి కొట్టి ఆ ఆట గెలిచాడు.

చింతామణి దగ్గరి కైవారంలోనే భీముడు బకాసురుణ్ణి చంపాడని మన పెద్దలు చెబుతారు. బకుడు వీపుమీద గుద్దుతున్నా భీముడు అన్నం ముగించిగాని లేవలేదట. ఆయనకూ ఈ లెక్క తెలిసే ఉంటుంది!

నాకే తెలియలేదు. ఆనాటి మాట విసరడానికి ఒక్క క్షణం పట్టింది, వెనక్కి తీసుకోవడానికి రెండు నెలలు.

వాడు మళ్ళీ పరీక్షకు చదువుతున్నాడు. ఆదివారం సాయంత్రాలు ఇద్దరం ఆడుతున్నాం. ఇప్పటికి ఒకే ఒక్క ఆట గెలిచాను. కావాలనే ఓడాడేమో, నేను అడగలేదు.