అవ్వ మాట తప్పా?

1980ల్లో రిజర్వేషను లావు రిజిస్టర్లనుంచి కంప్యూటరుకు మారేటప్పుడు రైల్వేలో ఉన్నవాణ్ణి, యంత్రమంటే నాకు భయం లేదు. నేను చదివింది తమిళ మీడియం. 2006 చట్టం తరువాత తమిళనాడు బళ్ళలో మన పిల్లలకూ తమిళం తప్పనిసరి. అందుకని మనవరాలు ఫోన్లో చాట్‌జీపీటీని అడిగి తెలుగు రాయడం నేర్చుకుంటుంటే సంతోషపడ్డాను. అయితే "బిన్నా రా" అని రాస్తే "త్వరగా రా" అని దిద్దింది. "దుడ్డు"ను "డబ్బు" చేసింది. పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో ఉన్న తెలుగే కదా అది చదివింది! మన మాటలు ఎవరు రాసిపెట్టారు? "తాతా, అవ్వ మాట్లాడేది తప్పా?" అంది పాప. అవ్వ పక్కనే ఉంది. (కోపం ఇంకా తగ్గలేదు.) వచ్చే కూటానికి ఇంటికి పది మాటలు రాసుకుని రండి. తెలుగు రాయడం రాకపోతే తమిళ అక్షరాల్లోనైనా సరే.